పొద్దున పిట్టలు, ఎండెక్కాక సీతాకోకచిలుకలు

పిట్టల్ని చూసేవాళ్లు తెల్లవారకముందే లేస్తారు. సీతాకోకచిలుకల్ని చూసేవాళ్లకు ఆ తొందర లేదు. ఎండ కాస్త చురుక్కుమన్నాక గానీ అవి రెక్క విప్పవు. నేను మొదటి రకం, మా సునీత రెండో రకం. బెంగళూరులో పక్కపక్క ఏరియాల్లోనే ఉంటున్నా ఇద్దరం కలిసి వెళ్లడం ఎప్పుడూ కుదిరేది కాదు. నేను తిరిగొచ్చి టిఫిన్ తినే వేళకు ఆమె బూట్లు వేసుకుంటూ ఉంటుంది. పోయిన అక్టోబరు చివర్లో, దీపావళి సందడి తగ్గాక, ఒక ఆదివారం రెండూ కలిపేద్దాం అనుకున్నాం. పొద్దున చెరువు నా ఇష్టం, ఎండెక్కాక చెట్లు ఆమె ఇష్టం.

ముందురోజు రాత్రి గట్టి వాన. రేపు ఏమవుతుందోనని నాకు టెన్షన్. ఫోన్ చేస్తే సునీత మాత్రం హాయిగా, "మంచిగైందే, రేపు బురద ఉంటది" అంది. బురదతో మాకేం పనో అప్పుడు అడగలేదు. నిద్రొస్తోంది.

ఆదివారం మెట్రో ఏడింటికి గానీ మొదలవదు. పిట్టలకు ఆ సంగతి తెలియదు కాబట్టి చీకటుండగానే స్కూటీ మీద బయల్దేరాం. బెంగళూరులో పుట్టేనహళ్లి చెరువులు రెండున్నాయి. యలహంక దగ్గర ఒకటి, జేపీ నగర్ ఏడో ఫేజ్‌లో ఒకటి. ఊరికి ఆ కొస ఒకటి, ఈ కొస ఒకటి. మ్యాప్‌లో పెట్టుకునే ముందు ఏదో చూసుకోవడం మంచిది. మేం వెళ్లింది జేపీ నగర్ చెరువుకి. చిన్నది. చుట్టూ అపార్ట్‌మెంట్లు. పాడుబడి పోయే దశలో ఉన్నదాన్ని 2010 నుంచి చుట్టుపక్కల ఉండేవాళ్లే ఒక ట్రస్టు పెట్టుకుని బాగుచేసుకుంటూ వచ్చారు. అంత చిన్న చెరువులో అన్ని పిట్టలేంటని మొదటిసారి వెళ్లినవాళ్లు ఆశ్చర్యపోతారు. చిన్నది కావడమే సౌకర్యం. పెద్ద చెరువుల్లో బాతులు అవతలి ఒడ్డున చుక్కల్లా కనిపిస్తాయి, ఇక్కడ కంటి రంగు కూడా తెలుస్తుంది.

బైనాక్యులర్ గురించి కొత్తవాళ్లు తరచుగా అడుగుతుంటారు కాబట్టి చెబుతున్నా. నాది 8×42. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది. 42 అంటే ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. ఆ అద్దం ఎంత పెద్దదైతే మసక వెలుతురులో అంత బాగా కనిపిస్తుంది. ఎక్కువ రెట్లుంటే మంచిదని 12, 16 కొనేస్తారు కొందరు. చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుందని కొన్నాక తెలుస్తుంది. వాడకంలో కిటుకు ఒక్కటే: పిట్టను ముందు మామూలు కంటితో పట్టుకోవాలి, చూపు దాని మీద నుంచి తీయకుండా బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకోవాలి. బైనాక్యులర్ పెట్టుకుని చెట్టంతా వెతికితే ఆకులే కనిపిస్తాయి. సునీత దగ్గరున్నది చిన్నది, దూరానికి అంతంత మాత్రం. కానీ రెండు మీటర్ల దగ్గరి వస్తువుకు కూడా ఫోకస్ అవుతుంది. సీతాకోకచిలుకలకు అదే కావాలి. నా దాంతో అంత దగ్గర చూడాలంటే నాలుగడుగులు వెనక్కి నడవాలి.

చెరువు గట్టెక్కగానే పలకరించేది కుటురు పిట్ట. చెంపలు తెల్లగా, ఒళ్లు ఆకుపచ్చగా ఉండే బార్బెట్. "కుటురూ కుటురూ" అని బెంగళూరంతా పొద్దస్తమానం అరుస్తూనే ఉంటుంది, మనిషికి మాత్రం కనిపించదు. నీళ్లలో నీటికాకులు, రెండు గూడబాతులు, తామరాకుల అంచున నీలం రంగు నీటికోళ్లు. ఆ కోళ్లను నేను మెచ్చుకుంటుంటే వెనక నుంచి, "తెలుగోళ్లామ్మా?" అని వినిపించింది. తోట పని చూసే పెద్దాయన. మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడట. "అవి చూసేదానికే బాగుంటాయమ్మా. నేను నాటిందంతా మొవ్వులోకి కొరికి పీకేస్తాయి" అన్నాడు. నిజమే, లేత దుబ్బులంటే వాటికి ప్రాణం. ఆయనకు ఇంగ్లీషు పేర్లు రావు గానీ, ఏ గూడు ఏ చెట్టు మీద ఉందో, ఏ నెలలో ఏది వస్తుందో అన్నీ తెలుసు. "తోకాడించేది వచ్చేసిందమ్మా, అదిగో కాలవ పక్కన" అని చూపించాడు. గ్రే వాగ్‌టెయిల్. హిమాలయాల వైపు నుంచి చలికాలానికి దిగివచ్చే పిట్ట. మన వైపుకి ముందుగా వచ్చే వలస పిట్టల్లో అదొకటి.

కంచె పక్క పొదలోంచి "చక్... చక్" అని ఒక శబ్దం. బ్లిత్స్ రీడ్ వార్బ్లర్. అక్టోబరు నుంచి బెంగళూరులో ప్రతి పొదలోనూ ఇదే చక్‌చక్. తూర్పు ఐరోపా, మధ్య ఆసియాల నుంచి ఇంత దూరం ఎగిరొచ్చి, ఆరునెలలు ఒక పొదలో కూర్చుని కనబడకుండా అరుస్తుంది. సునీతకి విసుగొచ్చి, "కనబడని దాన్ని రాసుకునుడేందే?" అంది. విన్నది కూడా లెక్కే. పిట్టల పనిలో సగం చెవులదే. పిట్టల లెక్కలు పెట్టే ఈ-బర్డ్ సైట్‌లో లిస్టు పెట్టేటప్పుడు విన్నదాన్ని కూడా రాయొచ్చు. ఎంతసేపు తిరిగాం, ఎంత దూరం నడిచాం, ఏవి ఎన్ని ఉన్నాయి అన్నది రాస్తే చాలు. కాకుల్ని, గోరువంకల్ని కూడా వదలకూడదు. అరుదైనవే రాసి మామూలువి వదిలేసే లిస్టు ఎవరికీ పనికిరాదు.

మెర్లిన్ అని ఒక యాప్ ఉంది, అరుపు విని పేరు చెబుతుంది. మంచిదే, కానీ నేను దాన్ని సగమే నమ్ముతాను. ఆ పొద్దున అది "షిక్రా" అని చూపించింది. చిన్న డేగ అది. తలెత్తి చూస్తే కరెంటు తీగ మీద పసుల పోలిగాడు, చీలిన తోక వేలాడేసుకుని అమాయకంగా కూర్చున్నాడు. నల్లగా, గేదెల మీద సవారీ చేసే ఆ పిట్టను ఊళ్లల్లో చూడనివాళ్లు ఉండరు. డేగ గొంతు అనుకరించడం దానికి బాగా అలవాటు. యాప్‌కి చెవులే ఉన్నాయి, కళ్లు లేవు కదా.

ఆ పక్క తీగ మీదే పసరిక పిట్ట ఒకటి ఉంది. గాల్లోకి దూసుకెళ్లి తూనీగను పట్టుకొచ్చి, తీగకేసి టపటపా బాదింది. తేనెటీగలనైతే కొండి ఊడేదాకా రుద్దుతుంది. నేను మురిసిపోతూ చూస్తున్నాను. సునీత మాత్రం ముఖం చిట్లించి, "ఇది నా వాటిని కూడా తింటది గదా" అంది. తింటుంది మరి. పసరిక, పోలిగాడు, లకుముకి, చివరికి పికిలిపిట్ట కూడా దొరికితే సీతాకోకచిలుకను వదలవు. ఆ మాట అప్పుడు సరదాకి అనుకున్నాం గానీ రోజంతా మా కబుర్లు దాని చుట్టూనే తిరిగాయి.

ఎనిమిదిన్నరకి చెరువు దిగి బన్నేరుఘట్ట రోడ్డు మీద ఒక దర్శిని హోటల్లో నిలబడి ఖాలీ దోసె, కాఫీ. అక్కడ రాష్ట్రాల పంచాయితీ మొదలైంది. సునీతది కరీంనగర్ వైపు, నాది ధర్మవరం పక్కన పల్లె. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట. కర్ణాటకది కూడా అదే. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకకు మారింది. "దసరాకి మీరు జమ్మికి పోయి రామచిలుకను చూస్తరా?" అని ఏడిపించింది. సీమ వాళ్లకు కలివికోడి ఉందిగా అన్నాను. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందనుకున్న పిట్ట 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. ఇప్పటికీ చూసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దానికి సునీత దగ్గర జవాబు లేదు, బిల్లు మాత్రం కట్టింది.

బన్నేరుఘట్ట సీతాకోకచిలుకల పార్కుకి వెళ్దామా అని అడిగాను. 2006లో పెట్టారు, దేశంలో అలాంటిది అదే మొదటిది. పిల్లలతో వెళ్తే చాలా బాగుంటుంది. కానీ కప్పు కింద పెంచిన వాటిని చూడడం సునీతకి పనికిరాదు. తీసుకెళ్లింది దొరెసానిపాళ్య అటవీ పరిశోధన కేంద్రానికి. బన్నేరుఘట్ట రోడ్డుకి దగ్గర్లోనే, ఇళ్ల మధ్య మిగిలిపోయిన అటవీ శాఖ ఆవరణ అది. లోపలికి వదిలే వేళలు ముందే కనుక్కుని వెళ్లాలి, గేటు దగ్గర వాదించి లాభం లేదు.

లోపలికి వెళ్లాక సునీత నడక మారిపోయింది. నేను చెట్ల కొసలు చూస్తూ నడుస్తుంటే ఆమె మోకాళ్ల ఎత్తున చూస్తూ నడుస్తోంది. ముందు ఎండ పడే చోటు వెతికింది. రాత్రి చలికి ఒళ్లు గట్టిపడి ఉంటుంది కాబట్టి పొద్దున సీతాకోకచిలుకలు రెక్కలు పరిచి ఎండ కాచుకుంటాయి. ఫొటో తీయాలంటే అదే అదను. పై రెక్క ఒక ఫొటో, రెక్కలు ముడిచినప్పుడు కిందివైపు ఇంకొకటి. చాలావాటికి రెండువైపులా ఉంటే గానీ పేరు చెప్పలేం. నీడ వాటి మీద పడకూడదు. పడితే క్షణంలో మాయం.

తర్వాత బురద సంగతి తెలిసింది. దారి పక్క రాత్రి వాన నీళ్లు ఇంకిన చోట, తడి మట్టి మీద పసుపు, తెలుపు సీతాకోకచిలుకలు పెళ్లి బంతిలో కూర్చున్నట్టు వరసగా కూర్చున్నాయి. ఎమిగ్రెంట్లు, ఒక లైమ్ బటర్‌ఫ్లై, ఆకుపచ్చ చుక్కల టెయిల్డ్ జే ఒకటి. జే అయితే కూర్చున్నా రెక్కలు కొట్టుకుంటూనే ఉంది. తాగేది నీళ్ల కోసం కాదు, ఉప్పు కోసం. పూల తేనెలో చక్కెర ఉంటుంది గానీ సోడియం దాదాపు ఉండదు. ఇలా చేరేవి దాదాపు అన్నీ మగవే. కూడబెట్టిన ఉప్పు జతకట్టినప్పుడు ఆడదానికి అందుతుంది, అక్కణ్నుంచి గుడ్లకు. "కట్నం" అంది సునీత. ఎదురుకట్నం అనాలేమో.

పిట్టలు చూసేవాళ్లకు చెట్ల పేర్లు రాకపోయినా నడిచిపోతుంది. ఇక్కడ అలా కుదరదు. ఏ సీతాకోకచిలుక ఏ మొక్క మీద గుడ్లు పెడుతుందో తెలిస్తే, మొక్క దగ్గర నిలబడితే చాలు, అదే వస్తుంది. సునీత నోట్‌బుక్‌లో ఒక పేజీ నిండా ఉన్నాయి. జిల్లేడు: ప్లెయిన్ టైగర్. తంగేడు: మాటిల్డ్ ఎమిగ్రెంట్. ఆముదం: కామన్ క్యాస్టర్. రణపాల: రెడ్ పియరో, దాని పురుగు ఆకు లోపలే దూరి తింటుంది. ఈశ్వరి తీగ, గాడిదగడపాకు: కామన్ రోజ్. ఆ పేజీ చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. మా ఊళ్లో మేకలు తోలుకెళ్లిన దాన్ని నేను. అందులో చాలా మొక్కలు మా మేకలు మూతి పెట్టనివే.

అది చెప్పగానే సునీత కళ్లు మెరిశాయి. అసలు సంగతి అక్కడే ఉందట. మేక ఎందుకు ముట్టదు? విషం. జిల్లేడు పాలు తిని పెరిగిన పురుగు ఆ విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది, రెక్కలొచ్చాక కూడా అది పోదు. తిన్న పిట్ట కక్కుకుంటుంది, ఆ నారింజ రంగును మళ్లీ జన్మలో ముట్టదు. అందుకే ప్లెయిన్ టైగర్ అంత తాపీగా, ఎవరికీ భయం లేనట్టు ఎగురుతుంది. గాడిదగడపాకు తిన్న కామన్ రోజ్ కూడా అంతే. ఎర్రటి ఒళ్లు, నల్ల రెక్కలు, నిదానమైన నడక.

ఇంతలో అలాంటిదే ఒకటి లాంటానా పొద మీదికి వచ్చింది. "ఇది రోజా, మార్మనా?" అని అడిగాను. "రెక్కలు కాదే, ఒళ్లు సూడు" అంది. ఒళ్లు నల్లగా ఉంది, ఎరుపు లేదు. కామన్ మార్మన్ ఆడది. కరివేపాకు మీద, నిమ్మ మీద పెరిగే జాతి ఇది, మన బాల్కనీ కుండీల్లో పిట్ట రెట్టలా కనిపించే పురుగు దీనిదే కావచ్చు. కరివేపాకు తిని పెరిగిన దానికి విషం ఎక్కడిది? అందుకే వేషం. ఆడవాటిలో కొన్ని కామన్ రోజ్‌లా, కొన్ని క్రిమ్సన్ రోజ్‌లా, కొన్ని అచ్చం తమ మగవాటిలాగే ఉంటాయి. ఒకే తల్లి గుడ్ల నుంచి వేర్వేరు వేషాలు రావచ్చు. డనైడ్ ఎగ్‌ఫ్లైది ఇంకో కథ. మగది నల్లగా, రెక్కల మీద తెల్ల మచ్చలు, వాటి చుట్టూ ఊదా మెరుపు. ఆడది మాత్రం ప్లెయిన్ టైగర్‌కి అచ్చు నకలు. తేడా తెలియాలంటే కింది రెక్క మధ్యలో మూడు నాలుగు నల్ల చుక్కలు ఉన్నాయా లేవా చూడాలి. ఉంటే టైగర్. "గంగవాయిలి కూర తిని పెరుగుతది ఇది. మనం పప్పులేసుకునేదే. దానికి ఏం విషముంటది చెప్పు" అంది సునీత.

నేను పొద్దున చూసిన పసరిక పిట్ట అప్పుడు గుర్తొచ్చింది. ఈ రంగులన్నీ, ఈ దొంగ వేషాలన్నీ దాని కంటి కోసమే. మనం అందంగా ఉన్నాయని ఫొటోలు తీసుకుంటున్నాం గానీ, వేల తరాలుగా వీటిని ఏరి ఏరి దిద్దింది పిట్టల ఆకలి. సునీత చూపించిన ఇంకో సంగతి దాన్ని ఖాయం చేసింది. కమాండర్ అనే సీతాకోకచిలుక ఒకటి ఆకు మీద వాలింది. రెండు కింది రెక్కలకీ ఒకే చోట, ఒకే ఆకారంలో ముక్క ఎగిరిపోయి ఉంది. ముల్లు గీసుకుంటే ఒకవైపే చిరుగుతుంది. రెక్కలు ముడుచుకుని ఉన్నప్పుడు ముక్కు పడితేనే ఇలా రెండువైపులా సమానంగా తెగుతుంది. "ఇగో, నీ పిట్టల పని" అంది. చిన్న నీలి రకాల్లో కొన్నిటికి రెక్క చివర సన్నటి తోకలు, కళ్లలాంటి చుక్కలు ఉంటాయి. తల అటువైపు ఉందని పిట్ట అక్కడ పొడుస్తుంది, చిన్న ముక్క పోతుంది, ప్రాణం దక్కుతుంది.

ఇక్కడే ఒకాయన మీద కోపం కూడా వచ్చింది. పెద్ద లెన్సు, పక్కన స్పీకరు. ప్యారడైజ్ ఫ్లైక్యాచర్ పిలుపు ఆగకుండా వేస్తున్నాడు, అది వస్తుందని. పిట్ట తన చోటులోకి ఇంకోటి వచ్చిందనుకుని తిండి మానేసి అటూ ఇటూ తిరుగుతుంది. ఆపమని చెబితే, "అందరూ చేసేదేగా" అన్నాడు. మేం నడిచి పక్కకి వెళ్లిపోయాం. ఓ పావుగంట తర్వాత వెదురు దుబ్బు దగ్గర, ఏ పాటా లేకుండానే, గోధుమరంగు ఫ్లైక్యాచర్ ఒకటి పొట్టి తోకతో మా ముందే పురుగులు పట్టింది. పొడవు తోక మగది కాదు కాబట్టి ఆయనకైతే నచ్చేది కాదనుకుంటా.

పన్నెండు దాటాక ఎండ ముదిరింది, పిట్టలన్నీ సద్దుమణిగాయి. తిరిగొచ్చే దారిలో సునీత ఒక్కసారిగా ఆగి చెయ్యి అడ్డం పెట్టింది. జనుముకి చుట్టమైన మొక్క, కాయలు ఎండి గలగలమంటాయి. దాని ఎండుకొమ్మలకు నీలి గీతల టైగర్లు, నల్ల కామన్ క్రో సీతాకోకచిలుకలు పదుల్లో వేలాడుతున్నాయి. పూలు లేవు, తేనె లేదు. ఎండిన కొమ్మల్ని, ఆకుల్ని గోకి రసం పీలుస్తున్నాయి. ఆ మొక్కలోనూ విషమే. మగవి దాన్నుంచే ఆడవాటిని రప్పించే సువాసన తయారు చేసుకుంటాయి. వీటిల్లో చాలావరకు ప్రయాణంలో ఉన్నవే అంది సునీత. వానాకాలానికి ముందు పడమటి కనుమల నుంచి తూర్పు మైదానాలకు గుంపులుగా వస్తాయి. అక్టోబరు, నవంబరుల్లో మళ్లీ కనుమల వైపు ఆ గుంపులు తిరిగి వెళ్తాయి. మధ్యలో బెంగళూరు. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ మీదుగా ఇవి దాటిపోతుంటే తలెత్తి చూసేవాళ్లు ఎందరుంటారు? అక్కడే చాలాసేపు నిలబడ్డాం. నీళ్ల బాటిల్ ఖాళీ.

సాయంత్రం మా ఇంట్లో కూర్చుని లెక్కలు రాసుకున్నాం. పిట్టల లిస్టు పెట్టడం పది నిమిషాల పని, అక్కడికక్కడే సగం నింపేశాను కాబట్టి. సీతాకోకచిలుకల వంతు వచ్చేసరికి పొయ్యి మీద పప్పు మాడే దాకా వచ్చింది. ఫొటోలు ఒక్కొక్కటి పెద్దవి చేసి చూడాలి, చుక్కలు లెక్కపెట్టాలి. గోరంత ఉండే నీలి సీతాకోకచిలుక దగ్గర ఇద్దరం మొండికేశాం. పులిచింత మొలకల మధ్య దొరికింది, దాని మీద పెరిగేది పేల్ గ్రాస్ బ్లూ కాబట్టి అదే అని నా వాదన. మొక్క దగ్గర ఉన్నంత మాత్రాన చుట్టం కానక్కర్లేదని ఆమె వాదన. రెక్క కింది చుక్కలు ఫొటోలో తేలలేదు. చివరికి ఫొటోలు పెట్టే ఐ-నాచురలిస్ట్ సైట్‌లో "గ్రాస్ బ్లూ" వరకే రాసి, జాతి పేరు ఖాళీగా వదిలేసింది. తెలిసినంత వరకే రాయాలి, మిగతాది తెలిసినవాళ్లు చెబుతారు అంటుంది. ఈ విషయంలో ఆమె మాట నాకు నచ్చింది గానీ, అది పేల్ గ్రాస్ బ్లూనే అని ఇప్పటికీ అంటాను.

జనవరిలో హేసరఘట్టకి వెళ్దామని అనుకున్నాం. 1894లో అర్కావతి మీద కట్టి ఊరికి నీళ్లు తెచ్చిన చెరువు అది. ఇప్పుడు పిట్టలు చూసేవాళ్లు వెళ్లేది దాని పక్క గడ్డినేల కోసం. చలికాలంలో హారియర్ గద్దలు గడ్డి మీద తక్కువ ఎత్తులో వేటాడతాయి, పాలపిట్టలు తీగల మీద కూర్చుంటాయి. పొద్దున్నే చలి బాగా ఉంటుంది, తొమ్మిదిన్నర దాటితే గానీ ఒక్క సీతాకోకచిలుక కూడా లేవదు. అందుకని సునీత పదింటికి క్యాబ్‌లో వస్తానంటోంది. నేను ఐదింటికి స్కూటీ తీస్తున్నానని, వెనక సీటు ఖాళీయేనని చెప్పాను.